సెటిల్మెంట్ డబ్బులోంచి హెల్త్ ఇన్సూరెన్స్‌కు ఎంత తిరిగి కట్టాలి?

కారు ప్రమాదంలో దెబ్బలు తగిలి, వైద్యం ముగిసి, అవతలి డ్రైవరు ఆటో ఇన్సూరెన్స్ నుంచి పరిహారం చేతికందే వేళకు మన హెల్త్ ఇన్సూరెన్స్ తరఫున ఒక ఉత్తరం వస్తుంది. మీ వైద్యానికి ఇంత ఖర్చు పెట్టాం, సెటిల్మెంట్‌లోంచి అది మాకు తిరిగి ఇవ్వాలి అని అందులో ఉంటుంది. అమెరికాలో ఉంటున్న తెలుగువారు దీని మీద పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. రాష్ట్రాన్ని బట్టి, ప్లాన్‌ను బట్టి లెక్క మారుతుంది కాబట్టి, సంతకం పెట్టే ముందు మీ కాగితాలను మీ రాష్ట్రంలోని లాయర్‌కు ఒకసారి చూపించండి.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్): రెడ్ లైట్ దాటుకుని వచ్చిన కారు నా కారును గుద్దింది. నా భుజానికి సర్జరీ అయింది. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ 24,000 డాలర్లు కట్టింది. లాయర్ ద్వారా 60,000కి సెటిల్ అవుతోంది. ఇప్పుడేమో ఇన్సూరెన్స్ తరఫున డబ్బు వసూలు చేసే ఒక రికవరీ సంస్థ 24,000 మొత్తం ఇచ్చేయమంటోంది. ప్రతి జీతంలోంచీ ప్రీమియం కోయించుకున్నాను కదా, మళ్లీ నేనెందుకు ఇవ్వాలి? తప్పదంటే అంతా ఇవ్వాల్సిందేనా?

జవాబు: మీరు కట్టిన ప్రీమియంతో వచ్చిన ప్లాన్‌లోనే ఒక షరతు ఉంటుంది. మీ వైద్యానికి కారణం ఇంకొకరి తప్పు అయి, వాళ్ల నుంచి మీకు పరిహారం వస్తే, ప్లాన్ పెట్టిన ఖర్చును అందులోంచి రాబట్టుకోవచ్చు. దీన్నే సబ్రొగేషన్ అనీ, రీయింబర్స్‌మెంట్ అనీ అంటారు. కాబట్టి ఆ ఉత్తరాన్ని పక్కన పడేయడానికి లేదు. అయితే ఉత్తరంలో ఉన్న అంకె వాళ్లు అడుగుతున్నది మాత్రమే. మీరు చట్టప్రకారం కట్టాల్సింది అంతకంటే తక్కువ కావచ్చు, చాలా తక్కువ కూడా కావచ్చు.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీ వైద్యానికి ఖర్చయిన డబ్బు ఎవరిది? ఇన్సూరెన్స్ కంపెనీ తన డబ్బు కడితే దాన్ని ఫుల్లీ ఇన్సూర్డ్ ప్లాన్ అంటారు. దానికి మీ రాష్ట్రం ఇన్సూరెన్స్ చట్టం వర్తిస్తుంది. మీ ఎంప్లాయర్ సొంత డబ్బుతో బిల్లులు కడుతూ, కాగితాల పని మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీకి అప్పగిస్తే అది సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్. ప్రైవేటు కంపెనీల సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్‌లు 1974 నాటి ఎరిసా అనే ఫెడరల్ చట్టం కిందికి వస్తాయి. రాష్ట్రం మీకిచ్చిన రక్షణలు వాటి మీద పనిచేయవు. పెద్ద కంపెనీల ప్లాన్‌లు ఎక్కువగా ఈ రకమే. రెండు రకాల్లోనూ కార్డు మీద అదే ఇన్సూరెన్స్ కంపెనీ పేరు ఉంటుంది కాబట్టి ఆ పేరు చూసి నిర్ణయానికి రాకండి.

టెక్సస్‌లో ఒక సులువు గుర్తు ఉంది. కార్డు మీద ‘టీడీఐ’ లేదా ‘డీఓఐ’ అనే అక్షరాలుంటే అది రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ పర్యవేక్షణలో ఉన్న ప్లాన్. లేకపోతే సెల్ఫ్ ఫండెడ్ అయ్యే అవకాశం ఎక్కువ. ఏ రాష్ట్రంలోనైనా చూసుకోగలిగింది ఫామ్ 5500. వందమంది గానీ అంతకు మించి గానీ సభ్యులున్న ఎరిసా ప్లాన్‌లు ఏటా దీన్ని దాఖలు చేస్తాయి, కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. అందులో 9ఏ, 9బీ గడుల్లో ప్లాన్ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో టిక్కు పెడతారు. ‘జనరల్ అసెట్స్’ (ఎంప్లాయర్ సొంత డబ్బు) అని ఒక్కటే ఉంటే సెల్ఫ్ ఫండెడ్ అనుకోవచ్చు. ‘ఇన్సూరెన్స్’ అని కూడా ఉంటే అక్కడే ఆగిపోకండి. కంటి, పంటి ఇన్సూరెన్స్ వల్ల కూడా ఆ టిక్కు పడుతుంది. జతచేసిన షెడ్యూల్ ఏ తెరిచి, వైద్యానికి సంబంధించిన పాలసీ ఉందో లేదో చూడాలి.

ఆ తర్వాత ప్లాన్ కాగితాలు అడగండి. చాలామంది ఇక్కడే తడబడతారు. రికవరీ సంస్థకు ఫోన్ చేస్తే రెండు పేజీల సారాంశం పంపి, ఇదే ప్లాన్ అంటారు. అది చాలదు. ఎస్‌పీడీ (ప్లాన్ సారాంశం) అనే సభ్యుల పుస్తకం చివరి పేజీల్లో ‘ప్లాన్ అడ్మినిస్ట్రేటర్’ పేరు, చిరునామా ఉంటాయి. సాధారణంగా అది మీ ఎంప్లాయరే, ఇన్సూరెన్స్ కంపెనీ కాదు. సర్టిఫైడ్ మెయిల్‌లో ఆ చిరునామాకే రాయండి. ప్లాన్ పేరు, మూడంకెల ప్లాన్ నంబరు (హెల్త్ ప్లాన్‌ల నంబర్లు 501తో మొదలవుతాయి) వేసి, అసలు ప్లాన్ డాక్యుమెంటు, ఎస్‌పీడీ, మీరు వైద్యం చేయించుకున్న ఏడాదికి వర్తించిన సవరణలు పంపమనండి. ఇలా రాతపూర్వకంగా అడిగాక 30 రోజుల్లో ఇవ్వకపోతే, కోర్టు తలిస్తే రోజుకు 110 డాలర్ల దాకా జరిమానా వేయవచ్చు. ఇదే ఉత్తరం ఇన్సూరెన్స్ కంపెనీకో రికవరీ సంస్థకో పంపితే ఆ గడువు లెక్కలోకి రాదు. ఎస్‌పీడీతో సరిపెట్టుకోవద్దనడానికి కారణం, సారాంశమూ అసలు ప్లానూ ఒకటి కావని సుప్రీంకోర్టు 2011లో సిగ్నా-అమారా కేసులో చెప్పింది. సారాంశంలో గట్టిగా రాసిన షరతు అసలు ప్లాన్‌లో లేకపోవడం కద్దు.

కాగితాలు వచ్చాక మూడు విషయాలు వెతకండి. ‘బాధితుడికి పూర్తి నష్టపరిహారం అందినా అందకపోయినా’ ప్లాన్‌కే మొదటి హక్కు అని ఉందా? లాయర్ ఫీజులో వాటా ఇవ్వబోమని ఉందా? మీ సొంత అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజి (గుద్దిన డ్రైవరుకు ఇన్సూరెన్స్ లేనప్పుడు మీ ఆటో పాలసీ ఇచ్చేది) నుంచి వచ్చిన డబ్బు మీద కూడా హక్కు చెప్పుకున్నారా? లాయర్ ఫీజు మాట చాలా ముఖ్యం. 2013లో యూఎస్ ఎయిర్‌వేస్-మక్కచ్చన్ కేసులో సుప్రీంకోర్టు, ప్లాన్‌లో ఏం రాసి ఉంటే అదే చెల్లుతుందంది. అదే తీర్పులో, లాయర్ ఫీజు గురించి ప్లాన్ ఏమీ చెప్పకపోతే ‘కామన్ ఫండ్’ సూత్రం ప్రకారం ప్లాన్ కూడా ఆ ఖర్చులో తన వాటా భరించాలని చెప్పింది. మీ లాయర్ కష్టపడబట్టే ఆ డబ్బు వచ్చింది, దాంతో ప్లాన్ కూడా లాభపడుతోంది, కాబట్టి ఫీజు మీ ఒక్కరి నెత్తినే వేయకూడదు.

మీ లెక్కే చూద్దాం. 60,000లో లాయర్ ఫీజు మూడో వంతు, అంటే 20,000. రికార్డుల తెప్పింపు, డాక్టర్ రిపోర్టుల వంటి ఖర్చులు 1,500 అనుకుందాం. మొత్తం 21,500. ఇది సెటిల్మెంట్‌లో 35.83 శాతం. 24,000లో అదే శాతం తీసేస్తే 8,600 తగ్గుతుంది, ప్లాన్‌కు 15,400 వెళ్తుంది. మీకు మిగిలేది 23,100. తగ్గింపు లేకుండా అడిగినంతా ఇచ్చేస్తే మీకు మిగిలేది 14,500. ప్లాన్ కాగితంలో ఒక్క వాక్యం ఉందా లేదా అన్నదాని మీద 8,600 డాలర్లు ఆధారపడి ఉన్నాయి. మీ ప్లాన్ ఫుల్లీ ఇన్సూర్డ్ అయితే ఆ వాక్యంతో పనిలేదు. టెక్సస్ చట్టమే (సివిల్ ప్రాక్టీస్ అండ్ రెమెడీస్ కోడ్, 140వ చాప్టర్) హద్దు గీసింది: మొత్తం పరిహారంలో సగం, లేదా కంపెనీ కట్టిన మొత్తం, రెంటిలో ఏది తక్కువైతే అది. లాయర్ ఉంటే ఆ ఖర్చుల వాటా అందులోంచి తగ్గాలి.

ఇంకో పని మిగిలింది. 24,000 అనే అంకె సరైనదేనా? పద్దు వివరంగా తెప్పించుకోండి. తేదీ, డాక్టరు లేదా ఆసుపత్రి, డయాగ్నోసిస్ కోడ్, వేసిన బిల్లు, ప్లాన్ నిజంగా కట్టింది ఒక్కో వరుసలో ఉండాలి. మీరు చూడాల్సింది కట్టిన అంకెనే, ఆసుపత్రి వేసిన బిల్లును కాదు. ఎస్, టీ అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లు గాయాలవి. ఎం కోడ్‌లు కీళ్లు, వెన్ను, కండరాల జబ్బులవి. మీకు ప్రమాదానికి ముందే నడుంనొప్పి ఉంటే ఆ వరుసల మీద అభ్యంతరం చెప్పవచ్చు. మధుమేహం మందులు, ఏడాదికోసారి చేయించుకునే చెకప్, ఒకే బిల్లు రెండుసార్లు పడటం, ప్రమాదానికి ముందు తేదీలు ఈ పద్దుల్లో తరచూ కనిపిస్తాయి. ఎవరో కూర్చుని ఎంచి రాసిన పద్దు కాదది, తేదీలూ కోడ్‌లూ పట్టుకుని సాఫ్ట్‌వేర్ లాగిన జాబితా. ఒక్కో వరుసకూ కారణం రాసి, తీసేయమని రాతపూర్వకంగా అడగండి.

ప్లాన్ భాష గట్టిగా ఉన్నా బేరానికి చోటుంటుంది. అవతలి డ్రైవరు పాలసీ హద్దు తక్కువగా ఉండటం (టెక్సస్‌లో ఒక మనిషికి కనీసం 30,000 డాలర్లే), తప్పు ఎవరిదన్న వివాదం, మీకు ఇంకా మిగిలిన వైద్యం, ఇవే పనిచేసే కారణాలు. పాలసీ హద్దు చూపే డిక్లరేషన్స్ పేజీ, సెటిల్మెంట్ ఖర్చుల పట్టీ జతచేసి ఫలానా అంకెకు ఒప్పుకోమని అడగండి. కింది ఉద్యోగికి తగ్గించే అధికారం కొంతవరకే ఉంటుంది. అది దాటితే ఎంప్లాయర్ దగ్గరికి పంపమనండి, ఎందుకంటే అది వాళ్ల డబ్బు.

ప్రశ్న (యాష్‌బర్న్, వర్జీనియా): వర్జీనియాలో హెల్త్ ఇన్సూరెన్స్ ఇలా తిరిగి అడగకూడదని చట్టం ఉందట, ఏమీ ఇవ్వనక్కర్లేదని మా స్నేహితుడు అంటున్నాడు. అతనికి ఏమీ కట్టకుండానే అయిపోయిందట. నాకు మాత్రం ఉత్తరాల మీద ఉత్తరాలు వస్తున్నాయి.

జవాబు: ఇద్దరి ప్లాన్‌లూ ఒకటే రకం కాకపోవచ్చు. వర్జీనియా కోడ్ 38.2-3405 ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీలు గాయాల పరిహారంలోంచి వైద్య ఖర్చు రాబట్టుకునే షరతు పెట్టకూడదు. న్యూయార్క్‌లో కూడా 2009 నుంచి ఇలాంటి చట్టం (జనరల్ ఆబ్లిగేషన్స్ లా 5-335) ఉంది. మీ స్నేహితుడిది ఫుల్లీ ఇన్సూర్డ్ ప్లాన్ అయి ఉంటే అతను చెప్పింది నిజమే.

సెల్ఫ్ ఫండెడ్ ఎరిసా ప్లాన్‌ల దగ్గర ఈ చట్టాలు ఆగిపోతాయి. 1990లో ఎఫ్ఎంసీ కార్పొరేషన్-హాలిడే కేసులో పెన్సిల్వేనియా చట్టం గురించి సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. మీరు గానీ, ఎవరి ద్వారా మీకు కవరేజి వస్తోందో ఆ జీవిత భాగస్వామి గానీ ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులైతే అక్కడా రాష్ట్ర నిషేధం పనిచేయదు. 2017లో కోవెంట్రీ-నెవిల్స్ తీర్పు ఎఫ్ఈహెచ్‌బీ (ఫెడరల్ ఉద్యోగుల హెల్త్) ప్లాన్‌లకు ఆ వెసులుబాటు ఇచ్చింది. రాష్ట్ర, కౌంటీ ఉద్యోగులవి, చర్చిల ఉద్యోగులవి సాధారణంగా ఎరిసా కిందికి రావు. వాటిని విడిగా చూడాలి. మార్కెట్‌ప్లేస్‌లో సొంతంగా కొనుక్కున్న ప్లాన్ అయితే అది ఎరిసా కాదు, రాష్ట్ర చట్టమే వర్తిస్తుంది.

ఉత్తరాలు పంపేవాళ్లు ఏ రకం ప్లాన్ తరఫున అడుగుతున్నారో వాళ్లంతట వాళ్లు చెప్పరు. ‘ఏ చట్టం, ఏ ప్లాన్ పేజీ ఆధారంగా అడుగుతున్నారు? ఈ ప్లాన్ సెల్ఫ్ ఫండెడా?’ అని ఒక ఉత్తరం రాస్తే, ఇన్సూర్డ్ ప్లాన్‌ల విషయంలో కొన్నిసార్లు ఫైలు అక్కడితో మూసేస్తారు.

ప్రశ్న (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా): మెడ పట్టేసింది, ఫిజికల్ థెరపీ చేయించుకున్నాను. లాయర్‌ని పెట్టుకోలేదు. అవతలి ఇన్సూరెన్స్ అడ్జస్టర్ ‘అన్నీ కలిపి’ 9,000 ఇస్తానని, ఈ వారమే సంతకం పెట్టమని అంటున్నారు. నా హెల్త్ ప్లాన్ 6,200 కట్టింది.

జవాబు: సంతకం ఆపండి. ‘అన్నీ కలిపి’ అన్న మాటకు అర్థం, మీ హెల్త్ ప్లాన్‌కు, డాక్టర్లకు, ఆసుపత్రికి ఇవ్వాల్సింది మీరే చూసుకోవాలని. ఇక ఏ క్లెయిమ్ చేయనని రాసిచ్చే రిలీజ్ కాగితంలో ‘ఇండెమ్నిఫై’, ‘హోల్డ్ హార్మ్‌లెస్’ అనే మాటలుంటాయి. రేపు మీ ప్లాన్ నేరుగా ఆ ఆటో ఇన్సూరెన్స్‌ను అడిగితే, ఆ భారం కూడా మీరే మోస్తానని ఒప్పుకున్నట్టు.

మీ ప్లాన్ ఇన్సూర్డ్ అయితే కాలిఫోర్నియా సివిల్ కోడ్ 3040 మీకు అండగా ఉంటుంది. లాయర్ లేకపోతే ప్లాన్ రాబట్టుకునేది పరిహారంలో సగానికి మించకూడదు, లాయర్ ఉంటే మూడో వంతుకు మించకూడదు. మీకు 9,000లో సగం 4,500 పోయి, 4,500 మిగులుతుంది. ప్రమాదంలో మీ తప్పు కూడా కొంత ఉందని జడ్జి తేలిస్తే అదే నిష్పత్తిలో ప్లాన్ వాటా ఇంకా తగ్గాలి. అదే సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్ అయి, కాగితంలో గట్టిగా రాసి ఉంటే 6,200 మొత్తం పోతుంది. మెడనొప్పికి మీ చేతికొచ్చేది 2,800. ఈ రెండు లెక్కల్లో మీది ఏదో తెలియకుండా 9,000 మంచి బేరమో కాదో ఎవరూ చెప్పలేరు.

హెల్త్ ప్లాన్ నుంచి ‘ఇప్పటిదాకా’ ఉన్న అంకె తెచ్చుకుని, అది తుది అంకె కాదని గుర్తుంచుకోండి. థెరపీ సెంటర్లు రెండు మూడు నెలలు ఆలస్యంగా బిల్లు వేయడం మామూలే. సంతకం పెట్టాక వచ్చే వైద్యం గురించి కూడా ప్లాన్ చూడండి. కొన్ని ప్లాన్‌లు, సెటిల్మెంట్ డబ్బు మీ దగ్గరుంది కాబట్టి అదే గాయానికి తర్వాతి బిల్లులు అందులోంచే కట్టుకోమని రాసుకుంటాయి. మెడ ఇంకా నొప్పిగా ఉంటే ఈ ఒక్క వాక్యానికే మీరు ఆగాలి.

తొందరపడాల్సిన పనిలేదు. కాలిఫోర్నియాలో గాయాల దావా వేయడానికి సాధారణంగా రెండేళ్ల గడువుంది. గుద్దింది సిటీ బస్సు వంటి ప్రభుత్వ వాహనమైతే మాత్రం ఆరు నెలల్లోనే క్లెయిమ్ పెట్టాలి. అవతలి పాలసీ హద్దు మొత్తం ఇచ్చేస్తున్నారంటే, మీ సొంత అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజి (అవతలి పాలసీ చాలనప్పుడు మీ ఆటో పాలసీ ఇచ్చేది) వాడుకునే వీలుందేమో చూడండి. దానికి మీ ఆటో కంపెనీ అనుమతి ముందే కావాలని చాలా పాలసీల్లో ఉంటుంది. ముందు రిలీజ్ మీద సంతకం పెట్టేస్తే ఆ దారి మూసుకుపోవచ్చు.

ప్రశ్న (నేపర్‌విల్, ఇల్లినాయ్): మా అమ్మగారికి 72 ఏళ్లు, మెడికేర్ (ప్రధానంగా పెద్దవయసు వారికి ఫెడరల్ ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్) ఉంది. ఆవిడ కేసు 40,000కి కుదురుతోంది. మెడికేర్ వాళ్లు ఇంకా ఏమీ అడగలేదు. డబ్బు తీసుకోవచ్చా?

జవాబు: అడగలేదంటే వదిలేశారని కాదు. మెడికేర్ ఖర్చు తిరిగి రాబట్టుకోవడం 1980 నుంచి ఫెడరల్ చట్టంలోనే ఉంది, రాష్ట్ర చట్టాలకు అతీతం. ఆటో ఇన్సూరెన్స్ కంపెనీ కూడా సెటిల్మెంట్ వివరాన్ని మెడికేర్‌కు తెలియజేయాల్సిందే కాబట్టి ఇది దాగదు.

వరుస ఇది. బీసీఆర్‌సీ అనే మెడికేర్ రికవరీ సెంటర్‌కు ప్రమాదం గురించి చెప్పాలి. వాళ్లు హక్కులు, బాధ్యతల ఉత్తరం పంపుతారు. అది వచ్చాక సుమారు 65 రోజుల్లో, అప్పటిదాకా కట్టిన బిల్లుల జాబితాతో ‘కండిషనల్ పేమెంట్ లెటర్’ వస్తుంది. 72 ఏళ్ల మనిషికి రక్తపోటు, మోకాళ్లు, కళ్లు అన్నిటి బిల్లులూ నడుస్తుంటాయి కాబట్టి ప్రమాదంతో సంబంధం లేని వరుసలు ఇందులో చేరే అవకాశం ఎక్కువ. వాటి మీద అభ్యంతరం సెటిల్మెంట్‌కు ముందే పంపండి. మీరు ఆవిడ తరఫున మాట్లాడాలంటే ఆవిడ సంతకం చేసిన అధికార పత్రం ముందుగా పంపాలి. కన్సెంట్ టు రిలీజ్ పత్రం ఉంటే సమాచారం మాత్రమే ఇస్తారు. అభ్యంతరాలు పెట్టాలంటే ప్రూఫ్ ఆఫ్ రిప్రజెంటేషన్ కావాలి. ఈ తేడా తెలియక నెలలు పోతుంటాయి.

సెటిల్ అయ్యాక మొత్తం, లాయర్ ఫీజు, ఖర్చులు పంపితే డిమాండ్ లెటర్ వస్తుంది. ఇక్కడ లాయర్ ఖర్చుల తగ్గింపు నిబంధనల్లోనే ఉంది, బతిమాలుకోనక్కర్లేదు. ఫీజు, ఖర్చులు కలిపి 14,000 అనుకుంటే అది 40,000లో 35 శాతం. మెడికేర్ 12,000 కట్టి ఉంటే 4,200 తగ్గి, 7,800 కట్టాలి. డిమాండ్ తేదీ నుంచి 60 రోజుల్లో కట్టకపోతే వడ్డీ పడుతుంది, అదీ డిమాండ్ తేదీ నుంచే లెక్కిస్తారు. అంకె తప్పనిపిస్తే అప్పీలుకు 120 రోజులుంది. వడ్డీ పడకుండా ముందు కట్టేసి, అప్పీలు చేసుకోవచ్చు.

ఇంకొక్క మాట, మీ అమ్మగారి కార్డు తీసి చూడండి. ప్రైవేటు కంపెనీ నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ అయితే ఆ ఖర్చులు బీసీఆర్‌సీ జాబితాలో ఉండవు. మందుల పార్ట్ డీ కూడా అంతే. ఆ కంపెనీలను విడిగా అడగాలి. బీసీఆర్‌సీ నుంచి సున్నా అని ఉత్తరం వచ్చిందని డబ్బంతా పంచేసుకున్నాక, అడ్వాంటేజ్ ప్లాన్ నుంచి పెద్ద అంకె రావడం ఈ వ్యవహారంలో తరచూ జరిగే పొరపాటు.

మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్) ఉన్నవారికి లెక్క వేరు. 2006 నాటి ఆల్‌బోర్న్ తీర్పు ప్రకారం రాష్ట్రం సెటిల్మెంట్‌లో వైద్యానికి చెందిన భాగం మీదే చెయ్యి వేయగలదు, నొప్పికి, పోయిన జీతానికి ఇచ్చిన దాని మీద కాదు. 2022లో గల్లార్డో తీర్పుతో రాబోయే వైద్యం కోసం ఇచ్చిన భాగం కూడా అందులోకి వచ్చింది.

ప్రశ్న (కేరీ, నార్త్ కరోలినా): విజిటర్ వీసా మీద వచ్చిన మా అత్తమామలు నా కారులో ఉండగా ప్రమాదం జరిగింది. విజిటర్ ఇన్సూరెన్స్ కొంత కట్టింది. వాళ్లు ఇండియా వెళ్లిపోయారు. ఇప్పుడు విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లు కూడా వాటా అడుగుతున్నారు.

జవాబు: చాలా విజిటర్ పాలసీల్లో ఆ షరతు ఉంటుంది. కానీ వీటిని ఎవరికి వారు కొనుక్కుంటారు, ఎంప్లాయర్ ప్లాన్ కాదు, కాబట్టి ఎరిసా బలం వాటికి లేదు. పాలసీలో ఏ చట్టం వర్తిస్తుందని రాశారో, మీ రాష్ట్రం ఆ షరతును ఒప్పుకుంటుందో లేదో లాయర్‌తో చూపించుకోండి. అడిగినంతా పంపేయకండి.

అంతకంటే ముందు మీ ఆటో పాలసీలో మెడ్‌పే ఉందేమో చూడండి. తప్పు ఎవరిదైనా ఆ కారులో ప్రయాణించిన వాళ్ల వైద్యానికి అది వర్తిస్తుంది. డిడక్టిబుల్, కో-ఇన్సూరెన్స్ కింద అత్తమామలు చేతినుంచి పెట్టుకున్నది దానిలోంచి రాబట్టవచ్చు. ఆసుపత్రికి నేరుగా బాకీ ఉంటే అది ఇన్సూరెన్స్ వాటా కాదు, విడి బాకీ. చెక్కు వాళ్ల పేరునే వస్తుంది కాబట్టి, రిలీజ్ సంతకం, చెక్కు జమ ఎలా అన్నది లాయర్‌తో ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న (ఆస్టిన్, టెక్సస్): ఆసుపత్రి వాళ్లు నా హెల్త్ ఇన్సూరెన్స్‌కు బిల్లు పంపకుండా కౌంటీ ఆఫీసులో లీన్ (నా పరిహారం డబ్బు మీద హక్కు) వేశారు. ఇలా చేయవచ్చా?

జవాబు: ప్రమాదం జరిగిన 72 గంటల్లోపు ఆసుపత్రిలో చేరితే టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 55వ చాప్టర్ కింద ఆసుపత్రికి లీన్ హక్కు ఉంది. లీన్ ఉంటే ఆసుపత్రి తన పూర్తి ధర అడుగుతుంది, ఇన్సూరెన్స్ ద్వారా వెళ్తే ఒప్పందం ధరే. అందుకే వాళ్లు ఆ దారి పడతారు. కార్డు కాపీతో, ఫలానా తేదీల బిల్లులు నా ప్లాన్‌కు పంపండి అని వెంటనే రాతపూర్వకంగా అడగండి. ప్లాన్‌లకు క్లెయిమ్ పంపే గడువు ఉంటుంది, అది దాటాక అడిగితే లాభం ఉండదు. ఆసుపత్రి మీ నెట్‌వర్క్‌లో ఉంటే, ప్లాన్‌తో వాళ్ల ఒప్పందం సభ్యుడి నుంచి ఎక్కువ వసూలు చేయడాన్ని ఒప్పుకుంటుందో లేదో ప్లాన్‌ను అడగండి.

ప్రశ్న (శాండీ స్ప్రింగ్స్, జార్జియా): వైద్యం మధ్యలో హెచ్1బీ మీద కంపెనీ మారాను. సెటిల్మెంట్ వచ్చి కొంత ఖర్చయిపోయింది కూడా. పాత కంపెనీ ప్లాన్ ఇప్పుడు అడుగుతోంది. ఇండియా వెళ్లిపోతే ఏమవుతుంది? వీసాకు ఇబ్బందా?

జవాబు: ఉద్యోగం మారినా, వాళ్లు కట్టినంతవరకు పాత ప్లాన్ హక్కు ఉంటుంది. కొత్త ప్లాన్ తర్వాతి వైద్యానికి కట్టి ఉంటే దానిదీ విడిగా తేల్చాలి. రెండు పద్దుల్లో ఒకే తేదీ బిల్లు ఉందేమో చూడండి.

ఖర్చయిన డబ్బు గురించి 2016లో మాంటనైల్ కేసులో సుప్రీంకోర్టు, సెటిల్మెంట్ డబ్బు మళ్లీ దొరకని వాటి మీద ఖర్చయిపోతే ఎరిసా ప్లాన్ మీ ఇతర ఆస్తుల మీద పడకూడదంది. దీన్ని నమ్ముకుని డబ్బు ఖర్చు చేయమని మేం చెప్పం. కారు కొన్నా, ఇంటికి డౌన్ పేమెంట్ కట్టినా ఆ డబ్బు ఎటు పోయిందో పట్టుకోవచ్చు. కొన్ని ప్లాన్‌లు మీ కుటుంబానికి రాబోయే క్లెయిమ్‌లలోంచి కోసుకుంటాయి. మిగిలిన డబ్బు విడి ఖాతాలో ఉంచి, బేరం మొదలుపెట్టండి. ఇది సివిల్ వ్యవహారం. గాయానికి వచ్చిన పరిహారం ప్రభుత్వ సహాయం కిందికి రాదు కాబట్టి పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సహాయం మీద ఆధారపడే మనిషిగా లెక్కించడం) భయం అక్కర్లేదు. ఇండియా వెళ్లినా బాకీ పోదు. ఇంకా లాయర్ ఖాతాలో డబ్బుంటే వివాదం తేలేదాకా ఆయన ఆ వాటా ఆపి ఉంచుతారు.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): తగ్గించిన అంకెకు ఫోన్‌లో ఒప్పుకున్నారు. చెక్కు పంపేయమంటారా?

జవాబు: ముందు కాగితం తెప్పించుకోండి. ఫలానా ప్రమాద తేదీ, ఫలానా సభ్యుడి నంబరు, ఫలానా మొత్తం అందాక ‘పూర్తి, తుది పరిష్కారం’ అని, తర్వాత వచ్చే క్లెయిమ్‌లకు కూడా ఇది వర్తిస్తుందని స్పష్టంగా రాయించండి. ఆ వాక్యం లేకపోతే ఆలస్యంగా వచ్చిన ఆసుపత్రి బిల్లుకు ఇంకో ఉత్తరం వస్తుంది. చెక్కు ఎవరి పేరున రాయాలో కూడా అందులోనే ఉండాలి: రికవరీ సంస్థ పేరునా, ప్లాన్ పేరునా అన్నది వాళ్లే రాయాలి. చెక్కు మీద ఫైలు నంబరు వేసి, కాపీ దాచుకుని, డబ్బు జమయ్యాక ఫైలు మూసినట్టు ఉత్తరం అడిగి తీసుకోండి.